కొత్త కోచ్‌కి ఎన్ని సీజన్లు ఇవ్వాలి?

అందరికీ నమస్కారం.

పిల్లలు అమెరికా కాలేజీల్లో చేరాక, శనివారం ఆ యూనివర్సిటీ టీషర్టు వేసుకుని అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం మన ఇళ్ళల్లోనూ మామూలైపోయింది. వరసగా నాలుగు ఓడితే కొత్త కోచ్‌ని సాగనంపాలనడమూ అంతే మామూలైంది. ఓపిక పట్టమంటే ఊరికే కళ్ళు మూసుకోమని చెప్పడం లేదు. ఏం చూస్తూ ఓపిక పట్టాలో చెప్తాను.

మొదటి ఏడాది ఓటముల్లో చాలావరకు పాత కోచ్ ఎంచుకున్న కుర్రాళ్ళ వల్ల వచ్చేవే. జార్జియా టెక్ సంగతి చూడండి. 2018 వరకు అక్కడ కోచ్ పాల్ జాన్సన్ ట్రిపుల్ ఆప్షన్ అనే పద్ధతి ఆడించాడు. అందులో బంతి విసరడం తక్కువ, పట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. ముందు వరసలోని అయిదుగురు కాస్త తేలిగ్గా, చురుగ్గా ఉండి ఎదుటివాడి కాళ్ళ మీదికి దూకి పడగొడతారు. బంతి విసిరే పాస్ ఆటకి మారితే అదే అయిదుగురు వెనక్కి అడుగులేస్తూ, క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేదాకా అవతలివాణ్ణి చేతులతో ఆపాలి. దానికి బరువు కావాలి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పదిహేను కిలోలు పెరిగి, ఆ బరువుతో పాదాలు కదపడం నేర్చుకునేసరికి రెండేళ్ళు పడుతుంది. అందుకే 2019లో కొత్త కోచ్ జెఫ్ కాలిన్స్ మూడే మ్యాచ్‌లు గెలిస్తే తప్పు పట్టలేం. 2020లోనూ మూడే, 2021లోనూ మూడే. అక్కడ పాత సాకు చెల్లదు. 2022లో నాలుగు మ్యాచ్‌లయ్యాక తీసేశారు.

కాన్సస్ స్టేట్ లెక్క వేరు. 1989లో బిల్ స్నైడర్ వచ్చేనాటికి ఆ జట్టు రెండు సీజన్లుగా ఒక్కటీ గెలవలేదు. ఆయన తొలి ఏడాది గెలిచింది ఒక్కటే. తర్వాత 5, 7, మళ్ళీ 5, ఆపైన 9. మధ్యలో జారినా దారి పైకే.

అన్నిటికన్నా తికమక పెట్టేవి కొద్దిలో చేజారిన మ్యాచ్‌లు. వర్జీనియా టెక్‌లో ఫ్రాంక్ బీమర్ మొదటి ఆరేళ్ళలో 24 గెలిచి 40 ఓడాడు. ఆరో ఏడాది 1992లో గెలిచినవి రెండే, రట్గర్స్ చేతిలో ఆఖరి బంతికి 50-49తో ఓడింది కూడా అప్పుడే. యూనివర్సిటీ ఆయన్ని ఉంచింది కానీ సహాయక కోచ్‌లను మార్పించింది. 1993లో తొమ్మిది గెలిచారు, అక్కణ్ణుంచి ఆయన హయాంలో వరసగా 23 సీజన్లు బౌల్ మ్యాచ్ (సీజన్ బాగా ఆడిన జట్లకి చివర్లో దక్కే మ్యాచ్) ఆడారు.

ఇదే చూపించి నెబ్రాస్కా అభిమానులు తమ కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ విషయంలో ఆశపడ్డారు. 2021లో ఓడిన తొమ్మిదీ పది పాయింట్ల లోపే. అక్కడా సహాయకులను మార్చారు. కానీ 2022 తొలి మ్యాచ్‌లో, డబ్లిన్‌లో, 28-17తో ముందుండగా ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ కొట్టించాడు. అంటే బంతిని దూరంగా తన్నకుండా దగ్గర్లోనే తన్ని మళ్ళీ తామే దక్కించుకోవాలని చూడటం. బంతి నార్త్‌వెస్టర్న్‌కి చిక్కింది, మ్యాచ్ 31-28తో పోయింది. ఆ నిర్ణయం హెడ్ కోచ్‌దే, సహాయకులను ఎంతమందిని మారిస్తే ఏం లాభం? అక్టోబరు 1 దాకా ఆగితే చెల్లించాల్సిన పరిహారం కోటిన్నర డాలర్ల నుంచి సగానికి తగ్గేది. ఆ మూడు వారాలు కూడా ఆగకుండా ఫ్రాస్ట్‌ని తీసేశారు. నా దృష్టిలో అది సరైన తొందరే.

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్ళు వేరే యూనివర్సిటీకి మారడానికి పేరు నమోదు చేసుకునే చోటు) వల్ల గడువు కుదించుకుపోయింది. 2023లో మూడు గెలిచిన ఇండియానా, 2024లో కర్ట్ సిగ్నెటి రాగానే పదకొండు గెలిచింది. తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచే పదమూడు మందిని తెచ్చుకున్నాడాయన. అది చూసి ప్రతి కోచ్‌నీ ఒక్క ఏడాదిలో అలాంటి ఫలితమే అడగడం అన్యాయం. తయారైన ఆటగాళ్ళు వెంట వచ్చే పాత జట్టు అందరికీ ఉండదు.

కాబట్టి రెండో సీజన్‌లో స్కోరుతో పాటు ఇవీ చూడండి. బంతి కదలకముందే కదిలి అయిదు గజాలు పోగొట్టుకోవడం తగ్గిందా? నాలుగో క్వార్టర్‌లో ముందు వరస నిలబడుతోందా? సీజన్ అయ్యాక పోర్టల్ తెరిస్తే, అతను చేర్చుకున్న తొలి ఏడాది కుర్రాళ్ళు ఉంటున్నారా, వెళ్ళిపోతున్నారా?