చదవడం మానేసినవాళ్లు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

నమస్తే. బల్ల మీద ఐదు పుస్తకాలున్నాయి, కనిపిస్తున్నాయి కదా. వెనకాల కూలర్ చప్పుడు వస్తే కాస్త ఓర్చుకోండి. ఈ ఎండల్లో హన్మకొండలో దాన్ని ఆపి వీడియో తీయడం నా వల్ల కాదు.

"అన్నా, ఇంటర్ అయినంక తెలుగు పుస్తకం ముట్టలే. ఇప్పుడు ఏది చదవాలె?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఇంతకుముందు ఎవరడిగినా పేరున్న పెద్ద నవల ఒకటి చెప్పేసేవాణ్ణి. వాళ్లు మళ్లీ నా వంక చూసేవాళ్లు కాదు. తప్పు నాదే.

నేనూ అట్లాగే దెబ్బతిన్నాను. డిగ్రీలో మొదట పట్టుకున్నది ఇదిగో, 'అంపశయ్య'. మన వరంగల్ రచయితది. అసలు పేరు దొంగరి మల్లయ్య. 1969లో వచ్చిన ఈ నవల పేరే ఆయనకు ఇంటిపేరులా అతుక్కుని అంపశయ్య నవీన్ అయ్యారు. ఉస్మానియాలో చదివే రవి అనే కుర్రాడి జీవితంలో ఒక్క రోజు, అంతే కథ. నేనేమో ఏదో జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. నలభై పేజీలు దాటినా ఏమీ జరగట్లేదనిపించి మూసేశాను. ఆరేళ్ల తర్వాత నౌకరీ కోసం తిరిగే రోజుల్లో మళ్లీ తెరిస్తే ఈసారి పట్టుకుంది. జరిగేదంతా రవి తలలోనే జరుగుతుంది. రవి పడే డబ్బుల రంది నాకు అప్పటికి తెలిసొచ్చింది మరి. మంచి నవలే, మొదటి పుస్తకంగా మాత్రం వద్దు. పక్కన పెడుతున్నాను.

దీని బదులు ఒక రాత్రి కథతో మొదలుపెట్టండి. 'అతడు అడవిని జయించాడు'. రాసిన డాక్టర్ కేశవరెడ్డి గారిది చిత్తూరు జిల్లా, కానీ కుష్ఠురోగుల డాక్టరుగా పనిచేసింది మన నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో. పందులు మేపుకునే ఒక ముసలాయన, తప్పిపోయిన ఆడపంది కోసం అడవిలోకి పోతాడు. అది ఈనింది. దగ్గరికి రానివ్వదు. చీకట్లో నక్కలు. ఇంతకన్నా చెప్పను. పుస్తకం సన్నగా ఉంటుంది, ఒక ఆదివారం చాలు. చదివే అలవాటు తప్పినవాళ్లకు ఒక పుస్తకం పూర్తిచేశామన్న ధైర్యం ముందు రావాలి.

రెండోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, పెద్దింటి అశోక్ కుమార్ గారి 'జిగిరి'. ఆయనది సిరిసిల్ల వైపు. 'మల్లేశం' సినిమా చూసే ఉంటారు, దానికి మాటలు ఆయనవే. జిగ్రీ దోస్త్ అంటాం కదా, ఆ జిగిరి. ఇమాం గుడ్డెలుగును ఆడించి బతికే మనిషి. ఆ ఆట ఇప్పుడు నేరం. సర్కారు భూమి రావాలంటే గుడ్డెలుగు ఇంట్లో ఉండొద్దు. భార్యకూ కొడుకుకూ ఆ భూమి కావాలి, ఇమాంకేమో గుడ్డెలుగు బిడ్డతో సమానం. ఎవరి వైపు నిలబడాలో తెలియక నేను రెండుసార్లు పుస్తకం మూసి బయట తిరిగొచ్చాను. భార్య మీద కోపం రావాలి, రాదు. ఆకలి ఆమెకే ఎక్కువ తెలుసు.

ఇక్కడ ఒక పద్ధతి చెప్తాను, జాగ్రత్తగా చూడండి. పుస్తకం మధ్యలో తెరవండి. ఒక పేజీ గట్టిగా, పైకి చదవండి. మన యాస రాతలో చూస్తే కంటికి అడ్డం తగులుతుంది, ఎందుకంటే బడిలో దాన్ని తప్పని కొట్టేశారు. నోటితో చదివితే నాలుకకు వెంటనే దొరుకుతుంది. నేను 'జిగిరి' ఇట్లా చదువుతుంటే వంటింట్లోంచి అమ్మ, "ఎవలదిరా ఆ ముచ్చట, మన ఊరోళ్లదేనా?" అన్నది. ఆ తర్వాత పేజీలు ఆమె కోసమే చదవాల్సి వచ్చింది.

ఇక కథల పుస్తకాలు. మొదటి పేజీ నుంచి వరసగా చదవాలని రూలేమీ లేదు. ముందుమాటలు మాత్రం దాటేయండి. మన కథా సంపుటాలకు ఇద్దరు ముగ్గురు పెద్దలు ముందుమాటలు రాసి, కథలన్నీ అక్కడే విప్పేస్తారు. అవి ఆఖర్న చదువుకోవచ్చు. రోజుకు ఒకటే కథ. రెండోది చదివితే మొదటిది కొట్టుకుపోతుంది.

రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' ఇది, గోర్ బంజారా కథలు, అంటే లంబాడాల కథలు. నిజామాబాద్ జిల్లా తండా కుర్రాడు. దీనికే 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మధ్యలో లంబాడా మాటలు వస్తాయి, ఆగకండి, ముందుకు పోతుంటే అవే తేటపడతాయి. మా కాలనీ పక్కనే తండా ఉంది, ముప్పై ఏళ్లుగా అటు నుంచే పోతున్నాను. ఈ పుస్తకం చదివాకే ఆ ఇళ్ల లోపల ఏం మాట్లాడుకుంటారో మొదటిసారి విన్నట్టయింది. సిగ్గనిపించింది కూడా.

పసునూరి రవీందర్ గారి 'అవుట్ ఆఫ్ కవరేజ్ ఏరియా'కు అదే పురస్కారం 2015లో వచ్చింది. చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని పట్నం చేరినా కులం ఎట్లా వెంట వస్తుందో చెప్పే కథలు. "ఇప్పుడు కులం ఎక్కడుందండీ" అనే మిత్రుడెవరైనా ఉంటే వాళ్లకివ్వండి. ఇది నచ్చితే జూపాక సుభద్ర గారి 'రాయక్క మాన్యం' కూడా వెతకండి. ఆడవాళ్ల వైపు నుంచి అదే సంగతి ఇంకా పదునుగా ఉంటుంది. నా ప్రతి ఎవరో తీసుకుపోయి తిరిగివ్వలేదు, అందుకే బల్ల మీద లేదు. చూస్తుంటే ఇచ్చేయండి బాబూ.

కొనలేనివాళ్లు హన్మకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయానికి వెళ్లి అడగండి, 1904 నుంచి ఉన్న గ్రంథాలయం. కొనేవాళ్లు డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ దాకా ఆగితే కాస్త తగ్గింపు దొరుకుతుంది.

ఇంకా ఉంది కానీ, వంటింట్లోంచి పిలుపొచ్చింది. అమ్మకు మళ్లీ మొదటి నుంచి 'జిగిరి' చదువుతున్నాను, ఇరవై పేజీలు మిగిలాయి. ఉంటాను.