ఇన్సూరెన్స్ మళ్లీ వచ్చింది, ఇక చెకప్‌ల పని | డాలస్ నుంచి ఓ మామూలు రోజు

హాయ్ అండీ, అందరికీ నమస్తే. టైమ్ ఉదయం ఏడున్నర. ఇంకా కాఫీ పడలేదు, గొంతు వింటేనే తెలుస్తోంది కదా. మా ఆయనకీ నాకూ ఇవాళ ఫాస్టింగ్ బ్లడ్ టెస్ట్, ఆ తర్వాత యాన్యువల్ ఫిజికల్, అంటే ఏడాదికోసారి చేసే చెకప్. ఇర్వింగ్ నుంచి కొప్పెల్ వెళ్తున్నాం. డ్రైవింగ్ ఆయనది, కబుర్లు నావి.

పోయినేడాది ఆయనకి లేఆఫ్ అయిందని పాత వీడియోలు చూసినవాళ్లకి తెలుసు. ఇప్పుడు కొత్త ఉద్యోగంతో ఇన్సూరెన్స్ మళ్లీ వచ్చింది. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ మీద వచ్చే వర్క్ పర్మిట్ (జీసీ ఈఏడీ) ఉంది కాబట్టి, అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాల్సిన హెచ్‌వన్ వీసా వాళ్ల టెన్షన్ మాకు తప్పింది. మరి ఉద్యోగంతో పాటు వచ్చే హెల్త్ ఇన్సూరెన్స్? ఆయన కంపెనీలో ఆ నెలాఖరు దాకా ఉంచారు. కొన్నిచోట్ల చివరి పనిరోజుతోనే ఆపేస్తారట. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు జీతం ఎన్నాళ్లు ఇస్తారని అందరం చూస్తాం. ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా ఉందో అదే రోజు చూసుకోండి.

తర్వాత కోబ్రా అనే చట్టం కింద కాగితాలు వచ్చాయి. పాత కంపెనీ ప్లాన్‌నే మామూలుగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మన నెత్తిన పడుతుంది, దాని మీద ఇంకో 2 శాతం దాకా వేస్తారు. ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ సర్వే ప్రకారం 2024లో కంపెనీ ఇన్సూరెన్స్ ఫ్యామిలీ ప్రీమియం సగటున ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది 6,296. అంటే ఇన్నాళ్లూ మనం కట్టింది నాలుగో వంతే. ఆ సగటు లెక్కన కోబ్రాకి నెలకు దాదాపు 2,170 డాలర్లు కావాలి. అదీ ఇంట్లో జీతం లేని నెలల్లో!

ఇక్కడ మనవాళ్లందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. కోబ్రా తీసుకోవాలో వద్దో చెప్పడానికి కనీసం 60 రోజుల గడువిస్తారు. తీసుకుంటే పాత కవరేజ్ ఆగిన రోజు నుంచే లెక్క. అందుకని చాలామంది కట్టకుండా కూర్చుంటారు. యాక్సిడెంటో ఆపరేషనో వస్తే అప్పుడు సంతకం పెట్టి, వెనకటి నెలల ప్రీమియం కూడా కట్టేస్తారు. మేమూ అలాగే కూర్చున్నాం, తప్పేం లేదనే ఇప్పటికీ అంటాను. అయితే ఆ కిటుకు యాక్సిడెంట్‌కే పనికొస్తుంది. ఫిజికల్ చేయించుకోవడానికి రెండు వేల డాలర్ల కాగితం మీద ఎవరు సంతకం పెడతారు చెప్పండి? నా మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్ పరీక్ష), ఆయన బ్లడ్ టెస్ట్, ఇద్దరి డెంటల్ క్లీనింగ్ అన్నీ నోరు మెదపకుండా క్యాలెండర్‌లోంచి జారిపోయాయి. నొప్పి ఉంటే గుర్తు చేస్తుంది. చెకప్‌కి ఆ నోరు లేదు కదా.

ఇంకోటి, ఎవరికి వాళ్లు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనాలన్నా కవరేజ్ పోయాక 60 రోజులే టైమ్. కోబ్రా కోసం ఆగుతూ ఆ గడువు కూడా దాటిపోతే, మళ్లీ నవంబర్ 1న ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (అందరూ ప్లాన్ కొనుక్కునే సీజన్) మొదలయ్యేదాకా సాధారణంగా దారి ఉండదు. మేం గడువులోపే ఓ చిన్న ప్లాన్ తీసుకున్నాం. మా డాక్టర్ ఆ నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లాన్ ఒప్పుకునే డాక్టర్ల లిస్టులో లేరు, కాబట్టి మాకది ఉన్నా లేనట్టే అయింది.

ఆగండి, ఆయన ఏదో అంటున్నారు. "నేను నడిచిన సంగతి చెప్పవేం?" అంట. చెప్తానండీ, చెప్తాను.

ఆ నెలల్లో ఈయన రోజూ ఆండ్రూ బ్రౌన్ పార్క్‌లో నడిచారు. ఆఫీసు పిజ్జాలు లేవు, మధ్యాహ్నం ఇంట్లో పప్పూ కూరా. మనిషి నిజంగానే చిక్కారు. "ఇన్సూరెన్స్ లేదు, జబ్బు పడకూడదు" అని జపంలా అనేవారు. ఇన్సూరెన్స్ ఉంటే ఒళ్లు అశ్రద్ధ చేస్తాం, లేకపోతే జాగ్రత్తగా ఉంటాం అనే వాదన ఒకటుంది కదా, మా ఆయన దానికి నిలువెత్తు సాక్ష్యం అనుకున్నాను. ఓ రోజు బీపీ టాబ్లెట్ల సీసా తీసి చూస్తే నెలాఖరులో కూడా సగం అలాగే ఉంది. రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట, రీఫిల్ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుందని! ఇప్పుడు నా వైపు చూడకండి, రోడ్డు చూడండి.

విచిత్రమేంటంటే ఆ మందుకి అసలు ఇన్సూరెన్సే అక్కర్లేదు. వాల్‌మార్ట్ 2006లోనే నాలుగు డాలర్ల జెనరిక్ మందుల స్కీమ్ పెట్టింది. మామూలు బీపీ మందులు, మెట్‌ఫార్మిన్ లాంటివి చేతి డబ్బుతోనే చవగ్గా దొరుకుతాయి. డాక్టర్‌ని చూడాలంటే, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లున్నాయి. ఇన్సూరెన్స్ లేని పిల్లలకి 19 ఏళ్లు వచ్చేదాకా టీకాలు ఉచితంగా ఇచ్చే ఫెడరల్ ప్రోగ్రామ్ 1994 నుంచి నడుస్తోంది. ఇవన్నీ ఉన్నా ఇన్సూరెన్స్ కార్డు లేకపోతే మనిషి ఆస్పత్రి గడపే తొక్కడు. బిల్లు ఎంతొస్తుందో ముందు తెలియదు, ఆ భయం చాలు.

ఈ విషయంలో నాకు ఆరిగాన్ కథ భలే నచ్చుతుంది. 2008లో ఆ రాష్ట్రం మెడికెయిడ్‌లో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) పదివేల మందికి చోటుంటే దాదాపు తొంభై వేల మంది పేరిచ్చారు. లాటరీ తీశారు. అలా లాటరీలో ఇన్సూరెన్స్ వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చి చూసే అవకాశం ఆర్థికవేత్తలు ఎమీ ఫిన్‌కెల్‌స్టీన్, క్యాథరిన్ బైకర్ బృందానికి దొరికింది. ఇన్సూరెన్స్ వచ్చినవాళ్లు కొలెస్ట్రాల్ టెస్టులు, మామోగ్రామ్‌లు ఎక్కువ చేయించుకున్నారు. షుగర్ ఉన్నట్టు బయటపడి మందు మొదలుపెట్టినవాళ్లు పెరిగారు. డిప్రెషన్ తగ్గింది, ఆస్పత్రి అప్పుల భయం తగ్గింది. కానీ రెండేళ్ల తర్వాత కొలిచినప్పుడు బీపీలో, కొలెస్ట్రాల్‌లో, షుగర్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సిగరెట్ల అలవాటు, లావు కూడా అంతే. 2013లో ఆ పేపర్ రాగానే ఇన్సూరెన్స్ దండగని కొందరు ఎగిరారు. నాకు అలా అనిపించలేదు. కార్డు వచ్చిందని ఎవరూ అన్నం తగ్గించరు, కార్డు పోయిందని జీవితమంతా నడవరు. మన లోపల ఏముందో మనకి తెలిసేలా చేయడం వరకే కార్డు పని.

మా అత్తయ్యతో ఫోన్‌లో ఈ గొడవంతా చెప్తే, "మాకు ఆరోగ్యశ్రీ ఉందిగా అమ్మా, ఏ టెన్షనూ లేదు" అన్నారు. నిజమే, 2007 నుంచి ఎన్ని ప్రాణాలు కాపాడిందో. కానీ అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరితే అయ్యే వైద్యానికి. గుంటూరులో మామయ్యగారి కార్డు బీరువాలో భద్రంగా ఉంది, ఆయన బీపీ మాత్రం వీధి చివర ఆర్‌ఎంపీగారే చూస్తారు. ఆ కార్డు స్టెంట్‌కి బయటికొస్తుంది, స్టెంట్ దాకా రాకుండా చూసుకునే పనికి రాదు.

ఇక్కడ అమెరికాలో 2010 నాటి ఒబామాకేర్ చట్టం పుణ్యమా అని నివారణ కోసం చేసే పరీక్షల్లో చాలావాటికి నెట్‌వర్క్‌లో కోపే (విజిట్‌కింతని మనం కట్టేది), డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు ముందు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు) ఏమీ ఉండవు. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ 45 ఏళ్ల నుంచి; మామోగ్రామ్ 40 నుంచి, అదీ రెండేళ్లకోసారి. షుగర్ టెస్ట్ లావుగా ఉన్నవాళ్లకి 35 నుంచి అంటారు. మన ఏషియన్లకైతే అంతకన్నా ముందే, తక్కువ బరువుకే చూడమంటున్నారు.

సరే, వచ్చేశాం. లోపల కెమెరా ఆపేస్తాను.

...

అయిపోయిందండీ, కాఫీ తాగుతూ మాట్లాడుతున్నాను. అమ్మయ్య! ఇందాక చెప్పిన చెకప్‌ల "ఉచితం"లో ఓ మెలిక ఉంది. ఫిజికల్‌లో కూర్చుని "డాక్టర్, భుజం నొప్పి కూడా..." అన్నారనుకోండి, దాన్ని వేరే విజిట్‌గా బిల్ చేయొచ్చు. ఈయనకి ఆ సంగతి తెలుసు. డాక్టర్ "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగితే, కుడి చెయ్యి పైకి లేవని మనిషి నవ్వుతూ "ఏం లేవు" అన్నారు! కొత్త ఉద్యోగం, కొత్త ప్లాన్, డిడక్టిబుల్ మళ్లీ సున్నా నుంచి. ఇన్సూరెన్స్ ఉన్నా మనిషి మారలేదు చూడండి. నేనే బయట కౌంటర్ దగ్గర భుజానికి వేరే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, కోపే నలభై డాలర్లు. పాత కంపెనీ టైమ్‌లో హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చుల కోసం పెట్టుకునే ఖాతా) దాచుకున్న డబ్బుంది, ఉద్యోగం పోయినా అది మనదే. అందులోంచి కట్టేస్తాం.

సాయంత్రం అప్‌డేట్: రిపోర్టులు పోర్టల్‌లో వచ్చాయి. ఆయన షుగర్ బాగుంది, బీపీ మందు రోజూ వేసుకోమని డాక్టర్ మెసేజ్. నా ఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) 6.0, అంటే ప్రీడయాబెటిస్, షుగర్‌కి ముందు మెట్టు. 5.7 నుంచే ఆ లెక్కలోకి వస్తాం. ఏడాది ముందు చూసుంటే ఎంత ఉండేదో ఎవరికి తెలుసు? పార్క్‌లో నడవడం ఇప్పుడు నా వంతు, ఈయన ఆఫీసు పిజ్జాలకి వెళ్లిపోయారు.

శుక్రవారం నా మామోగ్రామ్. డియోడరెంట్ వేసుకోకుండా రమ్మన్నారు, ఫోన్ లోపలికి తేవద్దన్నారు. కాబట్టి ఆ రోజు వ్లాగ్ ఉండదండీ, వచ్చే మంగళవారం గోంగూర పచ్చడి వీడియోలో కలుద్దాం.