నాలుగు రాత్రుల కోసం వెళ్లి, ఎనిమిదో రోజున కూడా ఫిజీలోనే

అందరికీ నమస్కారం. నా వెనక కొబ్బరి చెట్లు చూసి ఇంకా సెలవుల్లోనే ఉన్నామనుకోకండి. మా సెలవులు మంగళవారంతో అయిపోయాయి. ఈరోజు శుక్రవారం. పెట్టెలు సర్దే ఉన్నాయి, సిడ్నీకి విమానమే లేదు.

ముందు ఊరి పేర్లు చెప్పాలి. విమానం దిగే ఊరిని ఇంగ్లీషులో చూస్తే 'నది' అని చదువుతాం, పలకాల్సింది 'నాంది'. మా రిసార్టుకు దగ్గరి పట్టణం పేరు 'సింగతోక'. మా చిన్నవాడు మొదటి రోజంతా సింహం ఎక్కడుందని వెతికాడు. ఇక మేముంటున్న గడ్డి కప్పు కుటీరాన్ని ఇక్కడ 'బూరె' అంటారు. బూరెలో ఉన్నామని ఫోనులో చెబితే, "పూర్ణం ఎవరే, అల్లుడా?" అంది అమ్మ.

ఫిజీలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. జనవరిలో గది అంత చవకగా ఎందుకు దొరికిందో అప్పుడే ఆలోచించాల్సింది. తుపాను మా మీదికి రాలేదు, పక్కనుంచి వెళ్లిపోయింది. వాన మాత్రం వదల్లేదు. మంగళవారం ఉదయం సిబ్బంది గిటారుతో వరుసగా నిలబడి వీడ్కోలు పాట పాడారు. మా అమ్మాయి ఏడ్చింది, నాకూ కళ్లు చెమర్చాయి. బస్సు బయలుదేరింది. అరగంటలో వెనక్కి వచ్చింది. నాంది వైపు వెళ్లే క్వీన్స్ రోడ్డు నీళ్లలో ఉందట. అదే సిబ్బంది, అదే గుమ్మం, ఈసారి "బులా!" అని స్వాగతం. ఆ క్షణాన ఎవరి ముఖం ఎవరు చూడాలో తెలియలేదు.

ఇది ప్రశాంతమైన చోటే, కాదనను. కానీ ముందే డబ్బు కట్టిన రోజుల్లో అలల చప్పుడు వేరు, తర్వాత వినిపించే చప్పుడు వేరు. రెండోది ఆటో మీటరులా వినిపిస్తుంది. రిసార్టువాళ్లు చిక్కుకుపోయినవారికి సగం ధరే అన్నాక మా ఆయన మళ్లీ ఊయలలో పడుకున్నారు. ఇక్కడివాళ్లకు మాత్రం ఏ కంగారూ లేదు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపానును చూసినవాళ్లు. దానితో పోలిస్తే ఇది వాన కూడా కాదంటారు.

అసలు మీకు చెప్పాలనుకున్నది నిన్నటి సంగతి. మా చిన్నవాడు చేమదుంప, కర్రపెండలం తినలేక అన్నం కోసం మారాం చేస్తుంటే, వంటింట్లోంచి ఒక పెద్దాయన వేడి అన్నం, తాలింపు వేసిన పప్పు తెచ్చారు. మాట్లాడింది ఫిజీ హిందీ. మా ఆయన హైదరాబాదు హిందీ, ఆ హిందీ మధ్యలో ఎక్కడో కలుసుకున్నాయి. ఇంటిపేరు నాయుడు అన్నారు. తెలుగు రాదు. మాది విజయనగరం అని చెప్పగానే లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ కవరులో మడిచిన జిరాక్సు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు.

అది ఆయన ముత్తాత వలస పాసు. ఆనాటి కూలి ఒప్పందాన్ని ఇక్కడ గిర్మిట్ అంటారు, 'అగ్రిమెంట్' అన్న మాట అలా మారింది. 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి 60 వేల మందికి పైగా చెరకు తోటల పనికి వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు బయలుదేరాయి. పాసులో తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు కూడా రాశారు. ఎడమ మోకాలి మీద మచ్చ. జిల్లా విశాఖపట్నం, తాలూకా బొబ్బిలి. ఊరి పేరు దగ్గర సిరా పాకిపోయి చివరి అక్షరాలే మిగిలాయి: 'వలస'.

నాన్నకు ఫోటో పంపాను. పది నిమిషాల్లో ఫోను. "బొబ్బిలి చుట్టూ వలసలు కాక మరేమున్నాయమ్మా? ముందు అక్షరం ఒక్కటి దొరికినా చెప్పేవాణ్ణి." కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాం, ఫోనులో పెద్దది చేసి చూశాం. 'గ' కావచ్చు, 'జ' కావచ్చు. దొరకలేదు.

ఆ చివరి మాటకు అర్థం ఏమిటని అడిగారు పెద్దాయన. ఊరు వదిలి వేరే చోటికి బతకడానికి పోవడం అని మా ఆయన హిందీలో చెప్పారు. ఆయన కాసేపు కాగితం వైపే చూసి నవ్వారు. "మా ముత్తాత ఐదేళ్లకే వచ్చాడు. మీరు ఎన్ని రోజులకు వచ్చారు?"

నాలుగు, అన్నాను.

రేపు ఉదయం రోడ్డు తెరుస్తారంటున్నారు. నాన్న ఆ కాగితం పట్టుకుని బొబ్బిలి వెళతానన్నారు. వీడ్కోలు పాట రెండోసారి పాడతారో లేదో చూడాలి.