ఉప్పు నీళ్లలో కరుగుతుంది, నూనెలో ఎందుకు కరగదు?

అందరికీ నమస్తే. టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో వేరుశనగ నూనె. రెండిట్లోనూ ఒక్కో చెంచా కల్లుప్పు వేస్తున్నా. తిప్పేసి పక్కన పెడతాను. ఈలోపు ఒక ఉప్పు కల్లును దగ్గర్నుంచి చూద్దాం.

ఫోన్ కెమెరా జూమ్ చేస్తున్నా. కనిపిస్తోందా? అరిగిపోయిన చోట్లు వదిలేస్తే అంచులన్నీ కోసినట్టు సూటిగా ఉన్నాయి, మూలలు నలుచదరంగా ఉన్నాయి. దీన్ని ఎవరూ చెక్కలేదు. లోపల సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు (అయాన్ అంటే ప్లస్ గానీ మైనస్ గానీ విద్యుదావేశం ఉన్న కణం) ప్లస్, మైనస్, ప్లస్, మైనస్ అని వరసగా పేర్చుకుని ఉన్నాయి, బయటి ఆకారం దాన్నిబట్టే వచ్చింది. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఈ పట్టు ఎంత గట్టిదంటే, వేడితో విడదీయాలంటే 801 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లాలి. పెనం మీద వేయించండి, చిటపటలాడుతుంది, అంతకుమించి ఏమీ కాదు. అలాంటి దాన్ని కుండలో చల్లటి నీళ్లు కాసేపట్లో విడదీసేస్తాయి.

ఎట్టా?

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. ఈ మూడూ ఒకే గీత మీద ఉండవు, మధ్యలో వంగి ఉంటాయి. ఆ కోణం 104.5 డిగ్రీలు. ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ తనవైపు ఎక్కువగా లాక్కుంటుంది కాబట్టి అటువైపు కొంచెం మైనస్, హైడ్రోజన్ల వైపు కొంచెం ప్లస్. ఉప్పు కల్లు నీళ్లలో పడగానే నీటి అణువులు సోడియం వైపు ఆక్సిజన్‌ను తిప్పుతాయి, క్లోరైడ్ వైపు హైడ్రోజన్‌ను తిప్పుతాయి. మొదట దొరికిపోయేది మూలల్లో ఉన్న అయాన్లే. లోపలి దానికి ఆరుగురు తోడుంటే మూలలో ఉన్నదానికి ముగ్గురే. ఒక్కసారి ఊడి వచ్చాక నీటి అణువులు దాని చుట్టూ మూగి మళ్లీ వెనక్కి పోనివ్వవు. కాసేపయ్యాక కల్లును బయటికి తీసి చూస్తే మూలలు గుండ్రంగా అరిగి ఉంటాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఉప్పును విడదీయడానికి కావలసిన శక్తి, నీళ్లు పట్టుకున్నప్పుడు వచ్చే శక్తి దాదాపు సరిసమానం. లెక్క వేస్తే కొంచెం లోటే మిగులుతుంది. ఆ లోటు నీళ్లలోని వేడి నుంచే తీరుతుంది. ఉప్పు విషయంలో ఇది చేతికి సరిగ్గా తెలియదు, యూరియాతో బాగా తెలుస్తుంది. పొలానికి స్ప్రే చేయడానికి యూరియా కలిపిన వాళ్లెవరైనా ఉంటే గుర్తు చేసుకోండి, బకెట్ ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లబడుతుంది. అరలీటరు నీళ్లలో 60 గ్రాములు వేస్తే ఐదారు డిగ్రీలు తేలిగ్గా పడిపోతుంది.

మరి లోటు వ్యాపారం ఎందుకు జరుగుతోంది? కల్లులో అయాన్లు ఉండాల్సిన తీరు ఒక్కటే, వరస తప్పకూడదు. నీళ్లలోకి వచ్చాక అవి ఎక్కడైనా ఉండొచ్చు, ఎన్ని రకాలుగానైనా చెదిరి ఉండొచ్చు. అన్ని దారులు తెరిచి ఉన్నప్పుడు చెదిరిపోవడమే జరుగుతుంది. దీన్నే సైన్సులో ఎంట్రోపీ అంటారు. కరగడానికి సగం కారణం ఇదే. స్కూలు పాఠాల్లో మాత్రం దీనికి సరైన చోటు దొరకదు.

ఇంకో మాట. చెంచాతో తిప్పితే, ఉప్పును దంచి వేస్తే ఎక్కువ కరుగుతుందని పిల్లలు పరీక్షల్లో రాసేస్తుంటారు. త్వరగా కరుగుతుంది, అంతే. ఎంత కరగాలన్న హద్దు మారదు. 100 గ్రాముల నీళ్లలో మామూలు వేడికి సుమారు 36 గ్రాముల ఉప్పు పడుతుంది. ఆ పైన వేసింది అడుగునే ఉంటుంది. అడుగున ఉన్నది కదలకుండా ఉందనుకోకండి. దాన్నుంచి అయాన్లు ఊడుతూనే ఉంటాయి, నీళ్లలోవి వచ్చి అతుక్కుంటూనే ఉంటాయి. రెండు వేగాలూ సమానమయ్యాయి కాబట్టి మనకు తేడా కనిపించదు.

ఈ హద్దు మీదే బతికే ఊళ్లు మన దగ్గర ఉన్నాయి. ఇస్కపల్లి వైపు గానీ కనపర్తి వైపు గానీ వెళ్తే ఉప్పు కొఠార్లు కనిపిస్తాయి. అక్కడ జరిగేది ఈ గ్లాసులో జరిగినదానికి తలకిందులు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, హద్దుకు చాలా దూరం. అందుకే నీళ్లను ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ ఎండలో ఇంకబెడతారు. అన్నీ ఒకేసారి బయటపడవు, అదే ఇందులో అందం. తక్కువ కరిగేవి ముందు దిగుతాయి. మొదట కాల్షియం కార్బొనేట్, ఆ తర్వాత జిప్సం. నీళ్లు దాదాపు పదో వంతుకు తగ్గాక, అంటే ఉప్పునీళ్ల చిక్కదనం కొలిచే బామే మీటరు 25 డిగ్రీలు దాటాక, అసలు ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. మెగ్నీషియం లవణాలు బాగా మొండివి, చివరిదాకా నీళ్లను వదలవు. ఆ మిగిలిన చేదు నీళ్లను 29, 30 బామే డిగ్రీల దగ్గర బయటికి వదిలేస్తారు. ఆలస్యం చేస్తే ఉప్పుకు చేదు అంటుకుంటుంది. వానాకాలంలో ఇంట్లో కల్లుప్పు జాడీ చెమ్మగిల్లుతుంది చూడండి, అది కూడా చాలావరకు అందులో మిగిలిపోయిన మెగ్నీషియం క్లోరైడ్ పనే. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది.

అకాల వర్షం పడితే ఉప్పు రైతుకు ఎందుకంత టెన్షనో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వాన నీళ్లలో కరిగిన లవణాలు దాదాపు ఉండవు, హద్దు పూర్తిగా ఖాళీ. మడిలో ఉన్నదాన్ని ఉన్నట్టు మింగేస్తాయి.

సరే, గ్లాసుల దగ్గరికి వద్దాం. నీళ్లలో ఉప్పు కనిపించడం లేదు. నూనెలో మాత్రం వేసింది వేసినట్టే ఉంది. రేపు చూసినా అంతే. నూనె అణువులో పొడుగాటి కార్బన్, హైడ్రోజన్ గొలుసులుంటాయి. వాటిలో చెప్పుకోదగ్గ ప్లస్ వైపు, మైనస్ వైపు ఉండవు. సోడియంను లాగడానికి దాని చేతిలో ఏమీ లేదు.

పంచదార సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అందులో అయాన్లు లేవు, అణువులు అణువులుగానే నీళ్లలోకి వస్తాయి. కాకపోతే ఒక్కో అణువు మీద నీటితో చేతులు కలిపే ఓహెచ్ గుంపులు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జత) ఎనిమిది ఉన్నాయి. అందుకే 100 గ్రాముల నీళ్లలో 200 గ్రాముల దాకా కరుగుతుంది, మరిగే నీళ్లలోనైతే 480 పైనే. ఉప్పు మాత్రం మరిగే నీళ్లలో కూడా 39 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. వేడి చేస్తే అన్నీ ఎక్కువ కరుగుతాయన్న మాటను నమ్మకండి. తాంబూలంలో వేసుకునే సున్నం వేడి నీళ్లలో ఇంకా తక్కువ కరుగుతుంది.

ఇప్పుడు నెల్లూరు చేపల పులుసు. నవ్వకండి, దీన్ని మించిన ల్యాబ్ నాకు దొరకలేదు. పులుసు మరిగి దించాక పైన ఎర్రటి నూనె తేలుతుంది. అడుగునున్న పులుసు అంత ఎర్రగా ఉండదు. మిరపకాయ రంగు నూనెలో కరిగేది, అందుకే అది పైకి చేరింది. కారం ఇచ్చే కాప్సైసిన్ కూడా నూనె పక్షమే. చింతపండు పులుపు, ఉప్పు నీళ్ల పక్షం. ఒకే గిన్నెలో ఎవరికి సరిపడే చోటు వాళ్లు చూసుకున్నారు. కారం నషాళానికి ఎక్కినప్పుడు నీళ్లు తాగితే తగ్గకపోవడానికి కారణం కూడా ఇదే. పాలు గానీ పెరుగు గానీ తీసుకోండి, వాటిలో కొవ్వు, కేసిన్ అనే ప్రోటీన్ కలిసి కాప్సైసిన్‌ను పట్టుకుంటాయి.

వాయువుల దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఆక్సిజన్‌కు నీళ్లలో పట్టు చాలా తక్కువ, కాస్త వేడి తగిలితే చాలు, ఎగిరిపోతుంది. సున్నా డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి 7.6 దగ్గరికి పడిపోతుంది. ఉప్పు కలిస్తే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే నీటి అణువులు అయాన్ల చుట్టూ చేరి ఉంటాయి. ఎండాకాలం, ఉప్పు నీళ్లు, ఈ రెండూ కలిసిన చోటు రొయ్యల గుంట. విడవలూరు, అల్లూరు వైపు తెల్లవారుజామున రైతులు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగేది డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయిందేమోనని. రాత్రంతా నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా వాడుకుంటుంది. ఏరియేటర్ తిప్పితే నీళ్లు ఎగిరి గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది, పోయిన ఆక్సిజన్ త్వరగా చేరుతుంది. నింపగలిగింది మాత్రం ఆ వేడికి, ఆ ఉప్పుకు ఉన్న హద్దు దాకే.

చివరగా కనిగిరి వైపు వాళ్ల కోసం. ఆ ప్రాంతంలో బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ రాళ్లలోంచే వస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు నీళ్లలో చాలా కొద్దిగానే కరుగుతాయి. కానీ తాగే నీళ్లకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములే గరిష్ఠ పరిమితి కాబట్టి ఆ కొద్దిపాటే పళ్లకు, ఎముకలకు హాని చేస్తుంది. కరిగినది గుడ్డతో వడకడితే ఆగదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోయి, మిగిలినదాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం కలుపుతారు. దాంతో పుట్టే అల్యూమినియం ముద్ద ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది, పై తేటను వాడుకుంటారు. ఎంత పటిక వేయాలన్నది నీళ్లను పరీక్ష చేయించాకే తేలుతుంది. ఉజ్జాయింపుగా వేయకండి.