పోలీసు ఆపమంటే పారిపోయే డ్రైవర్: శిక్ష పెంచితే కాలు బ్రేక్ మీదకి వస్తుందా?

(స్క్రీన్ మీద: రాత్రి రోడ్డు. కారు లోపలి అద్దంలో ఎరుపు, నీలం లైట్లు.)

వెనక సైరన్ ఒకసారి మోగి ఆగింది. స్టీరింగ్ పట్టుకున్నవాడు తాగి ఉన్నాడు. లేదా వాడి లైసెన్స్ ఎప్పుడో రద్దయింది. పక్కకి తీసి ఆపాలా, యాక్సిలరేటర్ తొక్కాలా? తేల్చుకోవడానికి పది సెకన్లు కూడా లేవు. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ పది సెకన్ల గురించే.

ఇలా పారిపోయేవాళ్లకి శిక్ష పెంచాలన్న మాట కొత్తదేం కాదు. ఆస్ట్రేలియాలో, 2009 చివరి రోజున, పోలీసుల నుంచి తప్పించుకుంటున్న కారు సిడ్నీ దగ్గర ఇంకో కారుని గుద్దేసింది. అందులో ఉన్న పసిపాప చనిపోయింది. మరుసటి ఏడాదే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం పారిపోతూ ప్రమాదకరంగా నడపడాన్ని ప్రత్యేక నేరం చేసింది. మొదటిసారి మూడేళ్ల వరకు జైలు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు. కెనడా 2018లో గరిష్ఠ శిక్షని ఐదేళ్ల నుంచి పదేళ్లకి పెంచింది. ఫ్రాన్స్ 2022లో ఏడాది నుంచి రెండేళ్లకి.

కోపం వచ్చి పెంచారనుకుంటాం. నిజమే, కోపం ఉంది. కానీ దాని వెనక ఒక లెక్క కూడా ఉంది.

(స్క్రీన్ మీద: త్రాసు. ఒక పళ్లెంలో 'ఆగితే', రెండో పళ్లెంలో 'పారిపోతే'.)

ఇంగ్లండ్ సంగతి చూడండి. తాగి నడిపితే ఆరు నెలల వరకు జైలు, మామూలుగా కనీసం ఏడాది డ్రైవింగ్ నిషేధం. పోలీసు ఆపమన్నా ఆగకపోవడానికి మాత్రం, ఆ ఒక్క నేరానికే అయితే, జరిమానా తప్ప జైలు లేదు. ప్రమాదకరంగా నడిపితే వేరే కేసు పడుతుంది, అది నిజమే. కానీ గుట్టుగా ఏదో సందులోకి జారుకుని, తెల్లారి మత్తు దిగాక దొరికినవాడి సంగతేంటి? వాడికి పారిపోవడమే కలిసొచ్చింది. ఈ తేడాని పూడ్చడానికే అయితే శిక్ష పెంచమనే నేనూ అంటాను.

అయితే ఎంతవరకు? పారిపోయిన మొదటి సెకన్‌కే పదేళ్లు ఖాయమైతే, రెండో నిమిషంలో వాడు ఎందుకు ఆగుతాడు? ఇంక పోయేదేముంది? అందుకే మెట్లు కావాలి. ఫ్లోరిడాలో ఆగకపోతే ఐదేళ్ల వరకు జైలు. సైరన్ వేసిన పోలీసు బండి వెంటపడుతున్నా విపరీతమైన స్పీడుతో పోతే 15 ఏళ్ల వరకు. ఎవరైనా చనిపోతే 30 ఏళ్ల వరకు, అందులో మూడేళ్లు తప్పనిసరి. శిక్షలు భారీగానే ఉన్నాయి, కానీ ఏ మెట్టు మీద ఆగినా పై మెట్టు శిక్ష తప్పుతుంది.

ఇంకో చిక్కు. స్టీరింగ్ దగ్గర టెన్షన్‌లో ఉన్నవాడికి సెక్షన్లు గుర్తుకు రావు. 'దొరుకుతానా, దొరకనా' అన్నదొక్కటే బుర్రలో తిరుగుతుంది. శిక్ష ఎంత పెద్దదన్నదానికంటే దొరకడం ఎంత ఖాయమన్నదే మనిషిని ఎక్కువగా ఆపుతుందని నేరాల మీద పరిశోధన చేసేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు.

పోనీ, ప్రతివాణ్నీ వెంటాడి పట్టుకుంటే? సినిమాలో ఛేజింగ్‌కి నేనూ ఈలలు వేశాను. నిజం రోడ్డు మీద ఆ ఛేజింగ్‌లో చచ్చిపోయేది ఫుట్‌పాత్ మీద నడిచేవాడు కూడా కావచ్చు. న్యూజిలాండ్ పోలీసులు 2020 చివర్లో వెంటాడటం బాగా తగ్గించారు. పారిపోయేవాళ్లు పెరిగారు. 2023లో ఆ విధానాన్ని మళ్లీ మార్చాల్సి వచ్చింది.

ఆస్ట్రేలియాలోనే క్వీన్స్‌లాండ్ ఇంకో దారి పట్టింది. వెంటాడటం తగ్గించి, నంబర్ ప్లేట్ పట్టుకుని బండి ఓనర్‌కి నోటీసు ఇస్తారు. ఆ సమయంలో నడిపిందెవరో గడువులోగా రాసివ్వాలి. ఇవ్వకపోతే నడిపింది ఓనరే అనుకుని కేసు నడుస్తుంది. రాత్రి తప్పించుకున్నవాడిని పగలు ఇంటి దగ్గర పట్టుకోవడమన్నమాట. దొంగబండి అయితే ఈ ఎత్తు పారదు.

(స్క్రీన్ మీద: చీకటి రోడ్డు. నాలుగు ఇండికేటర్లూ వెలుగుతూ నెమ్మదిగా వెళుతున్న కారు.)

చివరగా ఈ కారు చూడండి. నడుపుతున్నది ఒంటరిగా ఉన్న ఆడమనిషి. వెనక వస్తున్న బండి మీద పోలీసు గుర్తులు లేవు, అద్దంలో లైటు ఒకటే మెరుస్తోంది. నిజంగా పోలీసులో కాదో ఆవిడకి తెలియదు. స్పీడు తగ్గించి, నాలుగు ఇండికేటర్లూ వేసి, వెలుతురున్న పెట్రోల్ బంక్ దాకా వెళ్లి ఆపింది. ఆగమన్న చోట ఆగలేదు కాబట్టి ఆవిడ మీదా కేసు పెట్టొచ్చా? కొత్త శిక్ష ఎన్నేళ్లో రాసేముందు, 'తెలిసి, కావాలని పారిపోతే' అన్న మాట చట్టంలో ఉందో లేదో చూడాలి. ఆవిడకీ, ఆ తాగినవాడికీ మధ్య తేడా చూపించేది ఆ మాటే.