లిస్ప్‌లో లోకల్ నిక్‌నేమ్స్ రివ్యూ: ఎవరింటి బుజ్జి వాళ్లింట్లోనే

అందరికీ నమస్కారం, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తా, ఈ వీడియోకి కారణం ఒక కంపెనీ ఉచితంగా పంపిన కీబోర్డు. కీలు బాగున్నాయి, చప్పుడు ఎక్కువ. దాని సంగతి అంతే! దాని మీద కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ కొడుతుంటే, పొడుగు ప్యాకేజీ పేర్ల (కోడ్‌లోని పేర్లని కలిపి ఉంచే మూటే ప్యాకేజీ) బాధ తప్పించిన లోకల్ నిక్‌నేమ్స్, అంటే ఒక ప్యాకేజీ లోపల మాత్రమే చెల్లే పొట్టి పేర్ల గురించి చెప్పాలనిపించింది. సింటాక్స్ మీరు చదివే ఉంటారు, దాని జోలికి పోను.

ఈ భాషకి నియమాలు పెట్టిన 1994 నాటి ఆన్సీ స్టాండర్డ్‌లోనూ పొట్టి పేర్లున్నాయి. కానీ ఒకసారి పెడితే ఆ పేరు ప్రోగ్రామ్ మొత్తానికీ చెల్లుతుంది. 'బీటీ' అనే పేరు మీద బోర్డో థ్రెడ్స్ అనే లైబ్రరీ ఎప్పుడో తువ్వాలు వేసేసింది. ఇంకో లైబ్రరీ అదే పేరు అడిగితే ఎర్రర్. మా వీధిలో ఇంటికో బుజ్జి ఉన్నాడు, ఎవరింట్లో పిలిస్తే వాళ్ల బుజ్జే పలుకుతాడు. లోకల్ నిక్‌నేమ్ సరిగ్గా అదే.

మా బావ చీరల కొట్టు బిల్లుల్లో పేర్లు సగం తెలుగు, సగం ఒడియా. రెండు లిపులకీ చాంతాడంత పేర్లతో రెండు ప్యాకేజీలు రాశాను. భాషల కోడ్లనే నిక్‌నేమ్స్ చేశాను: తెలుగుకి టీ-ఈ, ఒడియాకి ఓ-ఆర్. ఓ-ఆర్ కలిపి చదివితే వచ్చే 'or' లిస్ప్‌లో ముందే ఉన్న మాక్రో కదా అంటారేమో. ప్యాకేజీ పేర్ల లెక్క వేరు, సింబల్స్ (ప్యాకేజీ లోపలి పేర్లు) లెక్క వేరు. పక్కన కోలన్ ఉంటే అది ప్యాకేజీ పేరని, కోడ్ చదివే లిస్ప్ రీడర్ తడబడదు. చూడటానికి కాస్త కొంటెగా ఉంటుంది, నాకదే ఇష్టం!

ఇక మంట పుట్టించే విషయం. ఒకరోజు బావ ఫోన్: "ఏంట్రా, ఒడియా బిల్లులన్నీ ఆగిపోయాయి!" నా మెషీన్‌లో శుభ్రంగా నడుస్తోంది. సంగతేంటంటే, ఫంక్షన్ లోపల, పేరు ఇస్తే ప్యాకేజీని వెతికిపెట్టే ఫైండ్-ప్యాకేజ్‌కి పొట్టి పేరు స్ట్రింగ్‌గా ఇస్తే, ఆ కోడ్ ఏ ప్యాకేజీలో రాశామో చూడదు. నడిచే వేళకి ఏది కరెంట్ ప్యాకేజీయో దాన్నే చూస్తుంది. కొట్లో అది సీఎల్-యూజర్, లిస్ప్ మొదలవగానే ఉండే మామూలు ప్యాకేజీ. అక్కడ ఓ-ఆర్ ఎవరికి తెలుసు? నిల్, అంటే 'ఏమీ దొరకలేదు' అని చేతిలో పెట్టింది. ఒక్క వార్నింగ్ అయినా ఇవ్వొచ్చుగా! స్ట్రింగ్‌గా ఇచ్చేచోట పూర్తి పేరే రాయండి, వేరే దారి వెతక్కండి.

ఇంత తిట్టినా, పాత గ్లోబల్ పేర్లకి మళ్లీ పొమ్మంటే పోను. కామన్ లిస్ప్ కోడ్ నడిపే ఎస్‌బీసీఎల్, సీసీఎల్, ఈసీఎల్, ఏబీసీఎల్ అన్నిట్లో ఉంది, పైసా ఖర్చు లేదు. రాయగడ, పర్లాకిమిడి వైపు లిస్ప్ రాసేవాళ్లుంటే మీ నిక్‌నేమ్స్ కామెంట్లో పెట్టండి, ఒక్క అక్షరం పేర్లు మాత్రం వద్దు, చదవలేక చస్తున్నాం.