కిడ్నీ నాడులను కాలిస్తే బీపీ ఎంత తగ్గుతుంది?

కిడ్నీకి రక్తం తెచ్చే ధమని చుట్టూ, గోడ బయటి పొరలో, సింపథెటిక్ నాడులు (మన ప్రమేయం లేకుండా బీపీని పెంచేవి) వల అల్లినట్టు ఉంటాయి. మెదడు నుంచి వచ్చేవి బీపీని పెంచే రెనిన్ అనే పదార్థాన్ని ఎక్కువ చేసి ఉప్పును ఒంట్లో నిలిపేస్తాయి. కిడ్నీ నుంచి పైకి వెళ్లేవి మెదడును మరింత రెచ్చగొడతాయి. ధమని లోపలి నుంచే వేడి పెట్టి ఈ రెండింటినీ దెబ్బతీయడమే రీనల్ డినర్వేషన్.

2014లో సింప్లిసిటీ హెచ్‌టీఎన్-3 అనే ప్రయోగం ఫలితాలు చూసి ఇక దీని పని అయిపోయిందనుకున్నారు. 535 మందిలో కొందరికి అసలు చికిత్స చేశారు, మిగిలినవారికి ఉత్తుత్తిది, అంటే యాంజియోగ్రామ్ మాత్రమే. ఆరు నెలలకు పై బీపీలో తేడా రెండున్నర పాయింట్లు కూడా లేదు. ఎందుకంటారా? ధమనిలోకి పంపే ఆ సన్నని గొట్టానికి (క్యాథెటర్) వేడి పెట్టే ఎలక్ట్రోడ్ ఒక్కటే. దాన్ని తిప్పుతూ నాలుగు వైపులా కాల్చాలి. చాలామందికి అలా జరగలేదు. మధ్యలో మందులూ మారాయి. అన్నిటికన్నా ముఖ్యం, నాడులు ధమని మొదట్లో గోడకు దూరంగా, కొమ్మల దగ్గరికొచ్చేసరికి దగ్గరగా ఉంటాయి. అప్పుడు కాల్చింది ప్రధాన ధమనినే.

ఇప్పటి స్పైరల్ క్యాథెటర్‌కు నాలుగు ఎలక్ట్రోడ్లు. 3 నుంచి 8 మి.మీ. వ్యాసం ఉంటే ప్రధాన ధమనిలోనే కాదు, కొమ్మల్లో కూడా 60 సెకన్ల చొప్పున కాలుస్తారు. ప్యారడైజ్ అనే రెండో పరికరానిది వేరే దారి: అల్ట్రాసౌండ్ 7 సెకన్లు, బెలూన్‌లో తిరిగే నీరు లోపలి గోడను చల్లగా ఉంచుతుంది. ఏదైనా గజ్జలోని ధమని గుండానే వెళ్లాలి. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందుతో ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) 250 సెకన్లు దాటించాలి. ధమని బిగుసుకోకుండా నైట్రోగ్లిజరిన్ మందు ఇవ్వాలి. కాల్చేటప్పుడు నొప్పి గట్టిగానే ఉంటుంది కనుక మత్తు, నొప్పి మందులు ముందే పడాలి. రోగి కదిలితే క్యాథెటర్ జారిపోతుంది.

ఇక అసలు చిక్కు. నాడులు నిజంగా చచ్చాయో లేదో టేబుల్ మీద చెప్పే గుర్తేదీ లేదు. ఈ కొత్త పరికరాలను ఉత్తుత్తి చికిత్సతో పోల్చిన ప్రయోగాల్లో పై బీపీ సగటున 4 నుంచి 6 పాయింట్లు ఎక్కువ తగ్గింది. మందులు వాడుతున్నవారి మీద చేసిన స్పైరల్ ఆన్-మెడ్ అనే ప్రయోగంలో మాత్రం 24 గంటల కొలతలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అయినా 2023 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రెండు పరికరాలనూ అనుమతించింది.

కాబట్టి ఎవరిని పంపాలన్నదే ప్రశ్న. డైయురెటిక్‌తో (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) కలిపి మూడు మందులు పూర్తి మోతాదులో నిజంగా మింగుతున్నారా? 24 గంటల కొలతలోనూ బీపీ ఎక్కువేనా? ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ హార్మోన్ ఎక్కువవడం, నిద్రలో ఊపిరి ఆగడం, కిడ్నీ ధమని సన్నబడటం లేవని తేల్చారా? ఆల్డోస్టిరాన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ 25 మి.గ్రా. వాడి చూశారా? ఇవన్నీ దాటి వచ్చినవారికే దీని సంగతి ఆలోచించాలి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం) 40 కన్నా తక్కువైతే వద్దు. ప్రధాన ప్రయోగాల్లో అలాంటివారిని చేర్చుకోలేదు.

చికిత్స అయ్యాక బీపీ మర్నాటికే దిగిపోదు. వారాలు, నెలలు పడుతుంది. అందాకా మాత్రలు ఆపకూడదు. ఇంటికి పంపేముందు గజ్జలో రక్తం గడ్డకట్టి వాచిందేమో తప్పక చూడాలి. ఎక్కువగా ఇబ్బంది వచ్చేది అక్కడే.